హనుమకొండలో పాత ఇల్లు: బయానా ఇచ్చేముందు ఏం చూడాలి, ఎంతకు అడగాలి

మీరు చెప్పిన వివరాలు ఇవి. 200 గజాల స్థలం. 20 ఏళ్ల కింద కట్టిన స్లాబు ఇల్లు, పైన గదితో కలిపి 1,500 చదరపు అడుగులు. అమ్మేవారు 95 లక్షలు చెప్తున్నారు. ఈ వారంలోనే 5 లక్షలు బయానా ఇస్తే ఇంకెవరికీ చూపించబోమంటున్నారు. ఎంతకు అడగాలన్నది మీ ప్రశ్న.

ఆ అంకె చివర్లో తేలుతుంది. ముందుగా ఇంటిలోని లోపాలను రెండుగా విడదీయాలి: డబ్బు పెడితే పోయేవి, ఎంత పెట్టినా పోనివి. కారే స్లాబు, పాత వైరింగు, నిండిన సెప్టిక్ ట్యాంకు మొదటి రకం. వాటికయ్యే ఖర్చు ధరలో కోసుకోవచ్చు. పల్లపు నేల, చెరువు శిఖం (చెరువు నీళ్లు నిలిచే నేల), తేలని వారసత్వం రెండో రకం. అవి ఉన్నాయని తేలితే పది లక్షలు తగ్గించినా కొనొద్దు. అందుకే మొదట చోటు చూడండి, తర్వాత కాగితాలు, ఆ తర్వాతే గోడలూ స్లాబూ. చోటు చూడటానికి పైసా ఖర్చు లేదు. కాగితాలకు వకీలు ఫీజు అవుతుంది. కట్టడానికి ఇంజనీరును తీసుకెళ్లాలి. మొదటి మెట్టులోనే ఆగిపోతే మిగతా ఖర్చు తప్పుతుంది.

మన ఊళ్లో చోటు అంటే ముందు వాన నీళ్లు. 2020 ఆగస్టులో, 2023 జులైలో, మళ్లీ 2025 అక్టోబర్‌లో మొంథా తుపానుకు ఏయే కాలనీల్లో నీళ్లు నిలిచాయో ఇక్కడ పాతకాపులందరికీ తెలుసు. నయీంనగర్ నాలా పక్కలు, బొందివాగు పొంగితే హంటర్ రోడ్డు, ఎన్టీఆర్ నగర్ వైపు ఇళ్లు, 2023లో గండి పడిన భద్రకాళి చెరువు కట్ట కింది భాగాలు గుర్తుకు రావాలి. నాలా వెడల్పు చేశాక ఇబ్బంది పోయిందని అమ్మేవాళ్లు చెప్తే, ఆ పని అయ్యాక పడ్డ పెద్దవానకు ఏమైందని ఎదురింటి వాళ్లను అడగండి. గల్లీ మూల కిరాణా దుకాణం ఆయన, ఆ ఇంట్లో కిరాయికున్నవాళ్లు అమ్మేవాళ్లకంటే సూటిగా చెప్తారు.

అడగడంతో ఆగకుండా గోడల్ని కూడా చదవండి. నీళ్లొచ్చిన ఇల్లు ఎంత రంగేసినా కొన్ని ఆనవాళ్లు దాచుకోలేదు. కరెంటు మీటరు, స్విచ్ బోర్డులు మామూలుకంటే ఎత్తులోకి మార్చి ఉంటాయి. పడకగదిలో ఏ అవసరమూ లేకున్నా నడుము ఎత్తు వరకు టైల్స్ అంటించి ఉంటారు. ఇనుప గేటు అడుగు అంచు తుప్పుకు జల్లెడై ఉంటుంది. దర్వాజా చౌకట్ల కింది జానెడు ఉబ్బి రంగు పొరలు లేస్తుంది. కప్‌బోర్డు అడుగు అరలోకి టార్చి వేసి వెనక గోడ చూడండి. అక్కడ లప్పం పెట్టే ఓపిక ఎవరికీ ఉండదు కాబట్టి మట్టినీళ్ల గీత అలాగే ఉంటుంది.

రోడ్డు ఎత్తు కూడా కొలవాలి. సీసీ రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే ఇంకో పొర పోస్తారు. 20 ఏళ్ల కింద రోడ్డుకు మూడడుగుల ఎత్తులో ఉన్న ఇంటి గచ్చు ఇవాళ సమానంగానో, కిందకో ఉండొచ్చు. గేటు దగ్గర నిలబడి చూస్తే ఇంట్లోకి దిగుతున్నామా, ఎక్కుతున్నామా తెలిసిపోతుంది. ఇంటి గచ్చు రోడ్డుకంటే కనీసం అడుగున్నర పైన లేకపోతే వాన నీళ్లతో పాటు మోరీ నీళ్లు కూడా వెనక్కి తంతాయి. దీనికి సరైన మందు ఇల్లు కూల్చి ఎత్తుగా కట్టుకోవడమే. అలాంటి ఇంటికి స్థలం ధర మాత్రమే ఇవ్వాలి.

దగ్గర్లో చెరువో కుంటో ఉంటే ఎఫ్‌టీఎల్ హద్దు, అంటే అది పూర్తిగా నిండినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో కనుక్కోండి. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న కుంటకు 9 మీటర్లు వదలాలి. 10 మీటర్లకంటే వెడల్పున్న నాలాకు 9 మీటర్లు, అంతలోపు దానికి 2 మీటర్లు. ఇల్లు ఆ లోపల ఉంటే రిజిస్ట్రేషన్ అయినంత మాత్రాన గట్టెక్కినట్టు కాదు. ఇరిగేషన్ శాఖ, కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) మ్యాపుల్లో సర్వే నంబరు పెట్టి చూడాలి. ఖిలా వరంగల్, వేయిస్తంభాల గుడి లాంటి కేంద్ర పురావస్తు శాఖ కట్టడాల పరిసరాల్లో కొంటుంటే ఇంకో పరిమితి ఉంది. కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆపై 200 మీటర్లు అనుమతితోనే. పాత ఇల్లు తీసుకుని మూడంతస్తులు లేపుదామనుకునేవాళ్లు అక్కడ దెబ్బతింటారు. ఇంటి పక్కనుంచి కరెంటు తీగలు పోతుంటే ఎల్టీ (తక్కువ వోల్టేజీ) లైనుకు 1.5 మీటర్లు, హెచ్‌టీ (ఎక్కువ వోల్టేజీ) లైనుకు 3 మీటర్లు ఎడం ఉందా చూడండి.

చోటు బాగుందనుకుంటే కాగితాలు. ఇక్కడ వకీలు ఉండి తీరాలి. కానీ ఆయనకు ఏం ఇవ్వాలో, ఏం అడగాలో మీకు తెలిసి ఉంటేనే పని సరిగ్గా అవుతుంది.

కనీసం 30 ఏళ్ల లింకు దస్తావేజులు కావాలి. అందులో ఏ కొనుగోలుదారుడికి ఆస్తి ఎలా వచ్చిందో చెప్పలేని ఖాళీ ఒక్కటి కూడా ఉండొద్దు. ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) తీసేటప్పుడు చాలామంది చేసే పొరపాటు ఇప్పటి ఇంటి నంబరు మీద ఒక్కసారి తీసి సరిపెట్టుకోవడం. ఇంటి నంబర్లు మారుతుంటాయి. ఒకప్పటి లావాదేవీ ప్లాటు నంబరు, సర్వే నంబరు మీద నమోదై ఉంటుంది. పాత ఇంటి నంబరు, కొత్త నంబరు, ప్లాటు నంబరు, సర్వే నంబరు, నాలుగింటి మీదా వెతికించండి. ఈసీలో రిజిస్టరైనవే కనబడతాయి. నోటి మాటగా జరిగిన పంపకం, రిజిస్టరు కాని వీలునామా, తెల్లకాగితం అగ్రిమెంటు, కోర్టు కేసు అందులో రావు. కేసుల కోసం అమ్మేవారి పేరుతో, వాళ్ల తండ్రి పేరుతో కోర్టు కేసులు చూపే ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో వెతకాలి. సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో ఉందా అన్నది రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో చూడండి. అసైన్డు, వక్ఫ్, దేవాదాయ భూములు ఆ జాబితాలోనే బయటపడతాయి.

తాతముత్తాతల ఆస్తి అయితే ఆడబిడ్డల సంతకాలు లేకుండా ముందుకు పోవద్దు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఉంది. ‘మా అక్క పెళ్లప్పుడే కట్నం ఇచ్చేసినం, ఆమె అడగదు’ అనే మాటకు చట్టంలో విలువ లేదు. ఆ అక్క వచ్చి సేల్ డీడులో సంతకం చేయాలి, లేదా రిజిస్టరైన హక్కు విడుదల పత్రం ఉండాలి. కుటుంబంలో మైనర్ వాటా ఉంటే కోర్టు అనుమతి ఉందో లేదో వకీలు తేల్చాలి. ఒరిజినల్ దస్తావేజులు చూపించమంటే జిరాక్సులు తెచ్చి, అసలువి లాకర్లో ఉన్నాయంటే బ్యాంకులో కుదువ పెట్టారేమో అనుకోవాలి. అప్పు ఉండటం తప్పేమీ కాదు. బ్యాంకు నుంచి బాకీ ఎంతుందో లెటరు తీసుకుని, మీ డబ్బు నేరుగా ఆ లోను ఖాతాలోకి పోయేలా రాసుకుంటే సరిపోతుంది.

కార్పొరేషన్‌లో తర్వాత కలిసిన గ్రామాల్లో ఇల్లయితే ఇంకొంచెం లోతుకు వెళ్లాలి. ఆ నేల వ్యవసాయ భూమి నుంచి వ్యవసాయేతర భూమిగా మారిందా (దీన్నే నాలా మార్పిడి అంటారు), లేఅవుటు కుడా అనుమతితో వేసిందా, కాకపోతే ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుటు క్రమబద్ధీకరణ ఫీజు) కట్టారా అడగండి. ఇంటి పర్మిషన్ ప్లాను తెప్పించి కట్టిన ఇంటితో పక్కపక్కన పెట్టి చూడండి. పైన గదికి అనుమతి లేకపోతే బ్యాంకు వాల్యూయర్ దానికి విలువ కట్టకపోవచ్చు. మీరు మాత్రం దానికీ డబ్బు ఇస్తున్నట్టవుతుంది. ఆస్తి పన్ను, నల్లా బిల్లు, కరెంటు బిల్లు ఎవరి పేరున ఉన్నాయో, బాకీలు ఉన్నాయో చూడటం పది నిమిషాల పని.

టేపు పట్టుకుని స్థలం మీరే కొలవండి. దస్తావేజులో 36 అడుగులు బై 50 అడుగులు అని ఉందనుకుందాం. 1,800 చదరపు అడుగులు, అంటే సరిగ్గా 200 గజాలు. కొలిస్తే వెడల్పు 35 అడుగులే వచ్చిందంటే 194 గజాల చిల్లర. గజం 30 వేలనుకుంటే ఆ ఒక్క అడుగు విలువ లక్షా 66 వేలు. పక్కవాళ్ల ప్రహరీ లోపలికి జరిగిందా, మీరు కొనబోయే ఇంటి మెట్లే రోడ్డు మీదికి పోయాయా కూడా అప్పుడే తేలుతుంది. మాస్టర్ ప్లానులో ఆ రోడ్డుకు ఎంత వెడల్పు రాశారో కుడాలో అడగండి. ముందువైపు 5 అడుగులు పోయేలా ఉంటే 36 అడుగుల ముఖానికి 180 చదరపు అడుగులు, 20 గజాలు.

ఇప్పుడు కట్టడం. ఇంజనీరును తీసుకెళ్లే ముందు మీరు ఒంటరిగా రెండు గంటలు చూడండి, పగటి వెలుగులో. కొత్తగా రంగేసిన ఇల్లయితే రెట్టింపు సమయం పెట్టండి.

పగుళ్లను చూసి భయపడటం కన్నా వాటిని గుర్తుపట్టడం నేర్చుకోండి. పిల్లరు, ఇటుక గోడ కలిసేచోట నిలువుగా వచ్చే సన్నటి గీత రెండు వేర్వేరు పదార్థాల మధ్యది. దాని వల్ల ప్రమాదం లేదు. లప్పంలో వల అల్లినట్టు కనబడే గీతలు ప్లాస్టరింగు తొందరలో ఎండటం వల్ల వచ్చేవి. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పైకో కిందకో మెట్లు మెట్లుగా పోయే పగులు మాత్రం పునాది ఒకవైపు కుంగుతోందని చెప్తుంది. నల్లరేగడి నేల వానాకాలం ఉబ్బి ఎండాకాలం కుంచించుకుంటుంది కాబట్టి అలాంటి పగులు వేసవిలో తెరుచుకుని వానల్లో మూసుకుంటుంది. ఆగస్టులో ఇల్లు చూసి పగుళ్లు లేవనుకుంటే మే నెలలో కనబడతాయి. కింద ఏ మట్టి ఉందో తెలియాలంటే అదే గల్లీలో ఎవరైనా పునాది తవ్వుతుంటే వెళ్లి చూడండి. ఎర్ర మొరం, బండ ఉంటే నిశ్చింత. నల్లమట్టో, పోసి పూడ్చిన మట్టో అయితే ఇంజనీరుతో తప్పక చూపించాలి. కుంగుదలకు ఇంకో సాక్ష్యం తలుపులు. మూసినప్పుడు పైసందు ఒకవైపు సన్నగా, ఇంకోవైపు వెడల్పుగా ఉంటే చౌకట్టు వంగింది. 2024 డిసెంబర్ 4న ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపానికి ఈ పగులు వచ్చిందని అమ్మేవాళ్లు చెప్పొచ్చు. కారణం ఏదైనా, అది పెరుగుతోందా ఆగిందా అన్నదే ముఖ్యం. లోపల దుమ్ము నిండి పాతబడి ఉంటే ఆగినట్టు అనుకోవచ్చు. అంచులు తెల్లగా, పదునుగా ఉంటే కదులుతున్నట్టు. బీము మధ్యలో కానీ, పిల్లరుకు అడ్డంగా కానీ పగులుంటే మీరు తీర్మానించొద్దు, స్ట్రక్చరల్ ఇంజనీరు చెప్పాలి.

20 ఏళ్ల ఇంట్లో అసలు జబ్బు స్లాబు అడుగున ఉంటుంది. బాత్రూం పైకప్పు, వంటింటి సజ్జ, బాల్కనీ అడుగు భాగం, మెట్ల కింద చూడండి. ఇనుము తుప్పు పడితే పరిమాణం పెరుగుతుంది. ఆ ఒత్తిడికి కింది కాంక్రీటు పెచ్చులుగా విడిపోతుంది. పెచ్చు ఊడటానికి చాలా ముందే రాడ్డు పొడవునా తిన్నటి గోధుమరంగు గీత కనబడుతుంది. ఒక కర్ర తీసుకుని స్లాబును అడుగు అడుక్కీ తట్టండి. గట్టి కాంక్రీటు ఖంగుమంటుంది, విడిపోయిన చోట డొల్లగా మోగుతుంది. డొల్ల చోట్లు బాత్రూంకే పరిమితమైతే చెక్కి, రాడ్డుకు తుప్పు తీసి మందు పూసి, పాలిమర్ మోర్టార్‌తో అతికించవచ్చు. హాల్లో, పడకగదుల్లో కూడా అదే మోత వస్తే కాంక్రీటు తయారీలోనే తప్పుంది. ఆ స్లాబుకు విలువ కట్టొద్దు. ఫాల్స్ సీలింగు ఉన్నచోట ఒక లైటు తీయించి, ఆ రంధ్రం నుంచి ఫోను కెమెరాతో ఫ్లాష్ వేసి ఫొటో తీయండి. వద్దంటే ఎందుకు వద్దంటున్నారో ఆలోచించాలి.

పైకెక్కి నీళ్లు ఏ పైపు దిక్కు పోతాయో చూడండి. పిట్టగోడ మొదట్లో నాచు, నల్లటి మరక ఉన్నచోట వాన నీళ్లు నిలుస్తాయి. కుదిరితే పైపులు మూసి రెండు అంగుళాల నీళ్లు 24 గంటలు నిలబెట్టి కింద చూడాలి. అమ్మేవాళ్లు దానికి ఒప్పుకోకపోతే పెద్దవాన పడ్డ మర్నాడు వెళ్లండి. పిల్లర్లకు పైన వదిలిన రాడ్లు చూపించి ఇంకో అంతస్తు వేసుకోవచ్చంటారు. ఏళ్ల తరబడి ఎండకు వానకు ఉన్న రాడ్లు చిక్కి ఉంటాయి. పునాది ఎన్ని అంతస్తులకు వేశారో స్ట్రక్చరల్ డ్రాయింగు లేకుండా ఎవరూ చెప్పలేరు. ఆ మాటకు ధరలో ఒక్క రూపాయి కూడా కలపొద్దు.

వాస్తు కోసం మార్చిన చోట్లు ప్రత్యేకంగా వెతకండి. తర్వాత కొట్టేసిన గోడ, దిక్కు మార్చిన మెట్లు, మూసేసిన పాత సెప్టిక్ ట్యాంకు మీద వేసిన గది. పిల్లర్లు లేని, గోడల మీదే స్లాబు నిలిచిన పాత ఇంట్లో ఒక గోడ తీసేశారంటే అది రంగులతో దాచే లోపం కాదు.

నీళ్ల సంగతి. ఇక్కడ చాలా కాలనీల్లో ఇంటింటికీ సెప్టిక్ ట్యాంకే దిక్కు. తవ్వేటప్పుడు బండ తగిలిందని లోతు తీయకుండా వదిలేసిన ట్యాంకు వానాకాలం పొంగుతుంది. ట్యాంకుకూ బోరుకూ మధ్య 50 అడుగులైనా ఎడం ఉండాలి. 200 గజాల్లో అది కష్టం కాబట్టి బోరు నీళ్లు పరీక్ష చేయించాల్సిందే. టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది, 2,000 వరకు వేరే ఆధారం లేకపోతే తాగొచ్చు. ఫ్లోరైడు 1.5 దాటకూడదు. మోటారు గంట సేపు ఆపకుండా నడిపించండి. ఇరవై నిమిషాలకే గాలి కొడితే వేసవిలో ట్యాంకరు తప్పదు. నల్లా ఎన్ని రోజులకొకసారి, ఎంతసేపు వస్తుందో పక్కింట్లో అడగండి. వైరింగులో ఏసీ, గీజరు లైన్లు 4 ఎంఎం ఉన్నాయా, ఎర్తింగు ఉందా, షాక్ కొట్టకుండా కరెంటు ఆపే ఆర్‌సీసీబీ పెట్టారా ఎలక్ట్రీషియన్ అరగంటలో చెప్పేస్తాడు. చెదల మట్టి గీతలు చౌకట్ల వెనక, మెట్ల కింద కనబడతాయి. కోతుల బెడద ఉన్న కాలనీ అయితే ట్యాంకు మూతలు, కిటికీ జాలీల ఖర్చు కూడా వేసుకోండి.

ఇక ధర. స్థలాన్నీ కట్టడాన్నీ విడివిడిగా లెక్కించండి. స్థలం రేటుకు ఆ గల్లీలో ఇప్పుడు అమ్మకానికున్న ఖాళీ ప్లాటు ధర, బ్యాంకు ప్యానెల్ వాల్యూయర్ చెప్పేది, ఇటీవల నిజంగా చేతులు మారిన ఇంటి ధర, మూడూ కనుక్కుని తక్కువ వైపున్న రెండింటి సగటు తీసుకోండి. ప్రభుత్వ మార్కెట్ విలువ స్టాంపు డ్యూటీకి కింది హద్దు మాత్రమే. మామునూరు విమానాశ్రయం, రింగు రోడ్డు పేరు చెప్పి కలిపే సొమ్మును, అవి మీ ఇంటికి ఎంత దూరమో చూసి తీసేయండి.

కేవలం లెక్క చూపడానికి గజం 30 వేలు, ఇవాళ కట్టే ఖర్చు అడుగుకు 2,000 అనుకుందాం. స్థలం 60 లక్షలు. కట్టడం కొత్తదైతే 30 లక్షలు. ఆర్‌సీసీ ఇంటికి 60 ఏళ్ల ఆయువు పెట్టుకుని, చివర్లో పది శాతం మిగులుతుందనుకుంటే ఏడాదికి ఒకటిన్నర శాతం తరుగు. 20 ఏళ్లకు 30 శాతం పోగా 21 లక్షలు. మొత్తం 81 లక్షలు. స్లాబు అతుకులు, పైన వాటర్ ప్రూఫింగు, వైరింగు, సెప్టిక్ ట్యాంకుకు మేస్త్రీ 4.5 లక్షలు రాసిచ్చాడంటే 76.5. అదే మీరు దాటకూడని గీత. రోడ్డులో 20 గజాలు పోయేలా ఉంటే ఇంకో 6 లక్షలు తీసేసి 70.5 దగ్గర ఆగాలి. మొదటి మాట దానికి ఐదారు లక్షల కిందనుంచి మొదలుపెట్టండి. ‘95 ఎక్కువ’ అనకుండా మేస్త్రీ అంచనా, కొలతల కాగితం ముందు పెట్టి మాట్లాడండి. అలా అడిగినప్పుడు బేరం కోపాల్లోకి పోదు.

మీ జేబు లెక్క వేరు. 75 లక్షలకు కుదిరితే స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ కలిపి 7.5 శాతం, అంటే 5 లక్షల 62 వేలు. 30 లక్షలు దాటి 75 లక్షల వరకు ఉన్న లోనుకు బ్యాంకు ఇల్లు విలువలో 80 శాతం దాకా ఇస్తుంది. ఆ విలువ బ్యాంకు వాల్యూయర్ కట్టింది. ఆయన 70 లక్షలే అంటే 56 లక్షలు వస్తుంది, మిగతాది మీరే చూసుకోవాలి. 50 లక్షలు, ఆపైన ధర ఉంటే ఒక శాతం టీడీఎస్ (ఇది ఆదాయపు పన్ను కోత) మీరు అమ్మేవారి సొమ్ములోంచి పట్టుకుని కట్టాలి. అమ్మేవారు విదేశంలో స్థిరపడి ఉంటే టీడీఎస్ చాలా ఎక్కువ, ఆడిటరును ముందే కలవండి.

బయానా విషయానికొస్తే, ఈ వారంలో 5 లక్షలు ఇవ్వకండి. ఇంటి అమ్మకానికి 20 వేలు, ఆపైన నగదుగా బయానా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నేరుగా జరిమానా తెచ్చే పని. చెక్కో, ఆన్‌లైనో అంటే అమ్మేవారికీ మేలే. ముందు 50 వేలు చెక్కు ఇచ్చి 15 రోజుల గడువు అడగండి. వకీలు అభిప్రాయం బాగా లేకపోతే ఆ సొమ్ము వెనక్కి ఇవ్వాలని రసీదులోనే రాయించండి. ఆ 15 రోజుల్లో పత్రికలో వకీలు పేరున అభ్యంతరాల ప్రకటన వేయించండి, బ్యాంకు లీగల్, వాల్యుయేషన్ పూర్తి చేయించండి. తర్వాత రాసే అగ్రిమెంటులో కొలిచిన గజాలు, నాలుగు హద్దులు, సంతకం చేయాల్సిన వారసులందరి పేర్లు, బాకీలు ఎవరు కట్టాలి, లోను రాకపోతే బయానా సంగతేంటి, కిరాయిదార్లు ఏ తేదీకి ఖాళీ చేయాలి అన్నవి విడివిడిగా ఉండాలి. ఇల్లు ఖాళీ అయి తాళాలు చేతికొచ్చే వరకు కొంత సొమ్ము ఆపుకుంటామని కూడా అందులోనే రాయించండి.